గా రోజు ఏం వండినవ్?

ఆపా పోయి నలభై ఒక్క రోజులైంది. కబురు మొదటి రోజు పొద్దున్నే నా ఫోనుకి వచ్చింది. మా ఇంటి నుంచి పంజాగుట్టలో వాళ్ళ సందుకి ఆటోలో పదిహేను నిమిషాలు. నేను వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదంటే చెప్పడానికి పది కారణాలున్నాయి, లాయర్ని కదా. పదీ అబద్ధాలే.

నిన్న సుగుణ ఫోన్ చేసింది. సుగుణ మధురానగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. నేను నల్లకోటు వేసుకున్న కొత్తలో నా చేతికొచ్చిన మొదటి పెద్ద కేసు వాళ్ళదే.

"సార్, ఇయ్యాల ఆపాకి నలభై. ఇంటికాడ ఫాతిహా చదివిన్రు. మీరు కనవడలే" అంది.

"అదే సుగుణా, కోర్టులో అర్జెంటు పనులు పడి..." అని మొదలుపెట్టాను.

"ఎందుకు రాలేదని నేను అడుగుతలేను సార్. ఈ నలభై దినాలు ఏం చేసిన్రు?"

ఆ ప్రశ్న సుగుణది కాదు. అది ఆపా ప్రశ్న. ఆపా మమ్మల్నందరినీ ఆ ఒక్క ప్రశ్నతోనే మనుషుల్ని చేసింది.

అమీర్‌పేటలో మెట్రో స్తంభాల పక్క సందులో, కర్రీ పాయింట్ పైన ఉండేది మా సీనియర్ గారి ఆఫీసు. పనిలో దెబ్బలు తిన్నవాళ్ళ కేసులే ఎక్కువ. మెట్ల మీద ఒకడు కుంటుతూ దిగుతుంటే ఇంకొకడు చెయ్యి మెడకు కట్టుకుని ఎక్కుతుండేవాడు. పదకొండు గంటలకల్లా కింద బెండకాయ వేపుడు ఘుమఘుమలు, పైన మా పాత ఫైళ్ళ ముక్కవాసన. ఆ రెండిటి మధ్యా, కిటికీ పక్క కుర్చీలో ఆపా. ఉర్దూలో అక్క అని; ఆఫీసంతా అలాగే పిలిచేది.

నేను తెనాలి నుంచి డిగ్రీ పట్టుకుని దిగిన మొదటిరోజు, ఎవరో టైపిస్టు అనుకున్నాను. చిన్న మనిషి. నూలు చీర. బుర్ఖా తలుపు వెనక మేకుకి వేలాడుతూ ఉండేది. కళ్ళజోడుకి నల్లదారం. కంప్యూటర్ కీబోర్డు కింద మడతపెట్టిన తువ్వాలు వేసుకునేది, ఎందుకంటే టైపు మిషను కాలం చేతులు ఆవిడవి, కీబోర్డు మీద కూడా అంతే గట్టిగా బాదేది. అక్షరాలన్నీ అరిగిపోయి మీటలు బోడిగా ఉండేవి. వేరేవాళ్ళెవరూ ఆ కీబోర్డు మీద ఒక్క ముక్క కొట్టలేరు. మా సీనియర్ గారు క్లయింట్ల ముందే అనేవారు, "బయట బోర్డు మీద పేరు నాదండీ, ఆఫీసు మటుకు ఆవిడది" అని. వినయానికి అంటున్నారనుకున్నాను. నిజమే చెబుతున్నారని తెలియడానికి నాకు ఏడాది పట్టింది.

రోజూ పొద్దున నేను మెట్లెక్కగానే తల ఎత్తకుండా అడిగేది: "తిన్నవా?"

"తిన్నానండీ ఆపా."

"ఏం తిన్నవ్?"

అక్కడ దొరికిపోయేవాణ్ణి. హాస్టల్ గదిలో లేచి, స్నానం చేసి, పరుగెత్తుకొచ్చే కుర్రలాయర్ ఏం తింటాడు? "ఉప్మా" అనేవాణ్ణి. "నిన్న ఉప్మా, మొన్న ఉప్మా. మీ హాస్టల్ల రవ్వ మస్తు సస్తగ దొరుకుతుందా ఏంది?" అని, టిఫిన్ డబ్బా మూత తీసి నా వైపు తోసేది. రెండేళ్ళలో నేను ఒక్కరోజైనా నిజం చెప్పలేదు. ఆవిడ ఒక్కరోజైనా డబ్బా తొయ్యడం మానలేదు.

ఆవిడ కుర్చీ వెనక గోడకి పెద్ద క్యాలెండర్. అందులో కొన్ని తేదీలకి ఎర్రసున్నా. అవి గడువులు. ఫలానావాడు దెబ్బ తిన్న రోజు నుంచి రెండేళ్ళు ఎప్పటికి నిండుతాయి, ఏ తేదీ లోపల అర్జీ పడకపోతే వాడి నోట్లో మట్టి పడుతుందీ, అన్నీ అక్కడ. ఇక రోజూ సాయంత్రం వెళ్ళబోయే ముందు, ఆ రోజు గడిలో ఏదో ఒక మాట రాసేది. వాన. కరెంటు లేదు. జ్వరం. సొరకాయ. ఉర్దూలో మాట్లాడే మనిషి తెలుగులో రాసేది, గుండ్రంగా, బడిపిల్ల రాసినట్టు. "ఎందుకండీ ఇది?" అని అడిగితే, "ఎప్పుడన్న ఎవరన్న అడుగుతే, గా రోజు నేను బతికే ఉన్ననని చెప్పనీకి" అంది. జోకు అనుకుని నవ్వాను.

ఇక్కడ మా వృత్తి గురించి కాస్త చెప్పాలి, ఓపిక పట్టండి. పనిలో దెబ్బ తగిలినవాడు రెండేళ్ళలోపు పరిహారం అడగాలి. దాటితే తలుపు మూసినట్టే. అయితే తగిన కారణం చూపిస్తే, ఆలస్యాన్ని మన్నించి ఆ తలుపు తెరిచే అధికారం లేబర్ ఆఫీసులో కేసు వినే అధికారికి ఉంది. ఆలస్యమైన ప్రతి రోజుకీ సంజాయిషీ చెప్పుకోవాలని కాలేజీలో మాకు వల్లె వేయించారు. ఒక్క వాక్యం. పరీక్షలో రాస్తే మార్కులొచ్చాయి.

ఆచరణలో మా లాయర్లందరికీ ఒకటే మందు: పచ్చకామెర్లు. క్లయింటు ఆలస్యంగా వచ్చాడా, వాడికి కామెర్లు వచ్చాయని రాసెయ్. ఒక చిన్న క్లినిక్ నుంచి చీటీ తెచ్చి జతచెయ్. హైదరాబాదులో గడువు దాటిన ప్రతివాడికీ కళ్ళు పచ్చబడే ఉంటాయని మా లాయర్ల సంఘంలో పరాచికం కూడా ఉండేది. ఆపా మాత్రం ఆ మాట టైపు చేసేది కాదు. "నా వేళ్ళకు ఆ స్పెల్లింగు రాదు" అనేది.

ఆవిడ దారి వేరు. ఒకసారి బల్కంపేట నుంచి ఒక వాచ్‌మన్ వచ్చాడు. అపార్ట్‌మెంట్ లిఫ్టు తలుపులో చెయ్యి ఇరుక్కుని ఎముక నుజ్జయింది. గడువు దాటి ఇరవై రోజులు. "ఆ ఇరవై రోజులూ ఎందుకు రాలేదయ్యా?" అని నేను గదమాయిస్తే, నేల చూపులు చూస్తూ, "ఊకెనే సార్" అన్నాడు. ఆపా కుర్చీ అతనివైపు తిప్పింది. మనిషిని చూడలేదు. క్యాలెండర్లో ఒక గడి మీద వేలు పెట్టింది.

"గిది సోమారం. గా రోజు ఏం వండినవ్?"

"వండలే అమ్మా. మరమరాలు తిన్న."

"ఎవలు తెచ్చిచ్చిన్రు?"

"పక్క బిల్డింగాయన."

"మంగళారం?"

"మరమరాలే. మా ఆమె కాన్పుకు ఊరికి పోయింది. ఒంటి చేత్తోని పొయ్యి ముట్టియ్యరాదు అమ్మా. చొక్కా గుండీలు సుత ఆయన్నే పెట్టు అనేటోణ్ణి. ఇగ గా చొక్కాతోని మీ ఆఫీసుకు ఎట్ల వస్త?"

అంతే. ఊకెనే అన్నవాడి నోట్లోంచి ఇరవై రోజులు ఒకదాని వెనక ఒకటి నడిచొచ్చాయి. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. అతను వెళ్ళాక ఆపా కళ్ళజోడు తుడుచుకుంటూ అంది: "ఎందుకు అని అడుగుతే మనిషికి భయమైతది బేటా. భయమైతె అబద్ధమాడ్తడు. ఏం వండినవ్ అని అడుగు. అన్నం కాడ ఎవడు అబద్ధమాడడు, నువ్వు తప్ప."

పెద్దపెద్ద లాయర్ల వాదనలు విన్నాను ఆ తర్వాత. గొంతులు ఖంగున మోగుతాయి, పుస్తకాలు తిరగేస్తారు. ఆ ప్రశ్నంత ప్రశ్న మాత్రం ఇవాళ్టిదాకా ఎవరి నోటా వినలేదు.

సుగుణ వాళ్ళ కేసు వచ్చింది ఆ తర్వాతే. ఆమె భర్త యాదగిరి ఫ్లెక్సీలు కట్టే పనివాడు. మైత్రీవనం దగ్గర ఒక బిల్డింగ్ మూడో అంతస్తు మీద, ఏదో కోచింగ్ సెంటర్ ర్యాంకుల ఫ్లెక్సీకి తాడు బిగిస్తూ జారి పడ్డాడు. నడుము నుంచి కిందికి స్పర్శ పోయింది. రెండేళ్ళు నిండి, ఆ పైన నూట పద్దెనిమిది రోజులకి సుగుణ మా మెట్లెక్కింది. ఆలస్యం మన్నిస్తే యాదగిరి బతుక్కి ఒక ఆధారం. మన్నించకపోతే ఆ మంచం, ఆమె హాస్టల్ గరిట, అంతే సంగతులు.

"ఇన్నాళ్ళూ ఏం చేశారమ్మా?" అన్నాను.

"ఓనరు చూస్కుంట అన్నడు సార్."

"రాసిచ్చాడా?"

"లే."

ఆ రోజు ఆపా సెలవు. దర్గాకి వెళ్ళిందో, దవాఖానకి వెళ్ళిందో. నేను నా తెలివి వాడాను. నోటిమాట ఎవడు నమ్ముతాడని, సుగుణకి రెండు నెలలపాటు తీవ్రంగా కామెర్లు వచ్చాయని, భర్త మంచాన, భార్య చాపన అని, చక్కటి ఇంగ్లీషులో అఫిడవిట్ రాశాను. కింద సందులో డీటీపీ షాపులో కొట్టించాను. క్లినిక్ చీటీ సంపాదించాను. సుగుణకి ఇంగ్లీషు రాదు. చూపించిన చోట సంతకం పెట్టి, "పని అయితదా సార్?" అంది. "అయిపోయినట్టే" అన్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

నెలన్నరకి ఓనరు తరఫు కౌంటర్, అంటే మా అర్జీకి జవాబు, వచ్చింది. దానికి ఒక ఫోటో జతచేశారు. బల్కంపేట ఎల్లమ్మ గుడి వీధి. జనం కిటకిట. మధ్యలో పట్టుచీరతో సుగుణ, నెత్తిన బోనం. తేదీ సరిగ్గా నేను ఆమెని కామెర్లతో పడుకోబెట్టిన రోజుల్లోది.

సుగుణని పిలిపించి ఫోటో ముందు పెట్టాను. ఆమె ఫోటో చూసింది, నన్ను చూసింది. "అవు సార్, బోనం ఎత్తిన. ఎత్తద్దా?" అంది. అప్పుడు చెప్పక తప్పలేదు. విని, పాపం, తన కళ్ళు తనే కిటికీ అద్దంలో చూసుకుంది. "నాకెప్పుడొచ్చినయ్ సార్ కామెర్లు?"

ఆ ప్రశ్నకి నవ్వొచ్చేదే, వేరే రోజైతే. ఆపా నవ్వలేదు. నన్ను తిట్టనూ లేదు. తిట్టి ఉంటే బావుండేది. ఫోటో తీసుకుని కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, కంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఫోటో తీసినోడు ఎవడు?" అంది.

"ఓనరు మనిషై ఉంటాడండీ, మనమీద నిఘా పెట్టి..."

"నిఘా పెట్టినోణ్ణి చూసి ఆడామె గింత మంచిగ నవ్వుతదా?"

చూశాను. నిజమే. ఫోటోలో సుగుణ కెమెరా వైపు చూసి నిండుగా నవ్వుతోంది. మూడుసార్లు చదివిన కౌంటర్లో, ముప్పైసార్లు చూసిన ఫోటోలో నాకు ఆ నవ్వు కనిపించలేదు. ఎదురుగా సుగుణ తల వంచుకుంది. ఆపా ఇంకేం అడగలేదు. "బిడ్డా, రేపు మీ ఇంట్ల క్యాలెండర్ పట్టుకరా. వంటింట్లది. పాతది పారెయ్యలే కదా? కొత్తదాని కిందనే ఉంటది, అదే మొలకు."

ఉంది. అందరి ఇళ్ళలోనూ ఉంటుంది. మేకు ఒకటే, ఏడాది మీద ఏడాది వేలాడుతుంది. మర్నాడు సుగుణ బియ్యం సంచిలో మడిచి తెచ్చింది. పసుపు మరకలు, నూనె వేళ్ళు. పాలు వద్దన్న రోజుకి అడ్డగీత, గ్యాస్ సిలిండర్ వచ్చిన రోజుకి చిన్న బొమ్మ. ఇవి కాక కొన్ని గడుల్లో మూలగా ఒక చుక్క ఉంది, పెన్నుతో పొడిచినట్టు. గడువు దాటిన ఆ నూట పద్దెనిమిది రోజుల్లో చుక్కలు తొమ్మిది.

"ఇవేంటమ్మా?" అన్నాను.

"ఊకెనే సార్."

ఆపా నావైపు ఒక చూపు చూసింది. నోరు మూసుకున్నాను. మొదటి చుక్క మీద వేలు పెట్టింది.

"గీ రోజు ఏం వండినవ్?"

"చేపల పులుసు."

రెండో చుక్క. "గీ రోజు?"

"...చేపల పులుసే."

మూడోది, నాలుగోది. అన్నిటికీ చేపల పులుసే. చెబుతున్నకొద్దీ సుగుణ గొంతు చిన్నదైపోతోంది. ఆపా వేలు ఆఖరి చుక్క దగ్గర ఆగింది.

"నీ మొగనికి చేపలిష్టమా?"

"ముట్టడు. వాసనకే కక్కుకుంటడు."

"నీకు?"

"మాకు శనారం, గురారం నీసు నడువదు ఆపా." ఆ తొమ్మిదిలో నాలుగు ఆ రోజులే.

కింద కర్రీ పాయింట్లో ఎవరో పార్సిల్ కోసం కేకలేస్తున్నారు. ఆపా తొందరపెట్టలేదు. తువ్వాలు తీసి మళ్ళీ మడతపెట్టి, దాని మీద కీబోర్డు సర్దుకుంది. సుగుణ పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని అంది:

"మా అన్నకిష్టం."

ఓనరు ఆమె సొంత అన్న. తోడబుట్టినవాడు. అమీర్‌పేటలో ఫ్లెక్సీ షాపు అతనిదే, చెల్లెలి మొగుణ్ణి తాడు కట్టి మూడో అంతస్తు ఎక్కించిందీ అతనే. పడ్డాక మొదట్లో ఆసుపత్రికి తిప్పాడు. ఆ తర్వాత పదిహేను రోజులకోసారి వచ్చేవాడు. వస్తున్నాడని తెలియగానే ఈమె చేపలు తెచ్చేది. తినేవాడు. చెయ్యి కడుక్కుంటూ, "ఫికర్ చెయ్యకు, బోనాలు కానీ, చూస్త" అనేవాడు. బోనాలకి వాళ్ళింటి తరఫున బోనం ఎత్తమని పిలిచాడు. ఎత్తింది. అన్న ఫోటో తీస్తుంటే నవ్వింది. ఎవరు నవ్వరు? ఇంటికొచ్చి, ఈ దినం అన్న వచ్చిండని ఒక చుక్క పెట్టుకునేది. ఓనరు మీద కేసు వెయ్యమంటే వేసేది. అన్న మీద వెయ్యడానికి గడువు దాటి నూట పద్దెనిమిది రోజులు పట్టింది. మాకు సైతం ఆ మాట చెప్పలేదు, అతని కౌంటర్లోనూ ఆ మాట లేదు. ఇద్దరికీ సిగ్గే.

ఆపా ఆ అఫిడవిట్ తెలుగులో కొట్టింది. మా ఆఫీసు నుంచి తెలుగులో వెళ్ళిన మొదటి అఫిడవిట్ అదే అనుకుంటాను. "ఇంగ్లీషుల ఉంటె ఏం తెలిసి సంతకం పెడ్తదామె?" అంది, నావైపు చూడకుండానే. తొమ్మిది పేజీలు. ప్రతి రోజూ ఉంది అందులో. ఫలానా రోజు హాస్టల్లో రెండు పూటలా వంట చేసి వచ్చి, భర్త వీపు పుండ్లకు మందు రాశాను. ఫలానా రోజు మా అన్న వచ్చాడు, చేపల పులుసు తిన్నాడు, వచ్చే నెల అన్నాడు. కొట్టినంతసేపూ ఆగి ఆగి సుగుణకి చదివి వినిపించింది. సుగుణ రెండుచోట్ల సరిదిద్దింది: "గా రోజు పప్పు ఆపా, పులుసు కాదు." ఆపా వెనక్కి వెళ్ళి దిద్దింది.

అంతా అయ్యాక నావైపు ఒక తెల్లకాగితం తోసింది.

"ఇగ నీది."

"నాదేంటండీ?"

"గా కామెర్లు ఎవరివి? సుగుణవి కావు. నీవే. రాయి. ఏ రోజు ఎక్కడ కొట్టిచ్చినవో, చీటీ ఎక్కడ తెచ్చినవో, ఆమెకు చదివి వినిపియ్యలేదని. సంతకం పెట్టు."

నాకు ఒళ్ళు మండింది. "ఆపా, నా లైసెన్సు పోతుంది! బార్ కౌన్సిల్‌కి రాస్తారు. నా జీవితం ఇప్పుడే మొదలైంది."

"పోవచ్చు" అంది, చాలా మామూలుగా. "నువ్వు రాయకుంటె గా అబద్ధం ఆమెదైతది. ఆమె కేసు పోతది. నీకు ఇంకో పని దొరుకుతది బేటా. ఆయనకు ఇంకో నడుము దొరకదు."

సీనియర్ గారి గదిలోకి పరుగెత్తాను. ఆయన అంతా విని, కళ్ళు మూసుకుని, "ఆవిడ చెప్పినట్టు చెయ్యి నాయనా" అన్నారు. బయటికొచ్చేసరికి ఆపా నా కుర్చీ తన పక్కకి లాగి పెట్టింది. కాగితం మీద పెన్ను పెట్టాను. ఒక్క వాక్యం రాదు. అప్పుడు, నిజంగా అమ్మ అడిగినట్టు, మెల్లగా అడిగింది: "గా రోజు పొద్దున ఏం తిన్నవ్?"

"ఏమీ తినలేదు" అన్నాను. ఏడుపొచ్చేసింది. ఆ తర్వాత చెయ్యి దానంతటదే రాసుకుంటూ పోయింది.

లేబర్ ఆఫీసులో ఆ అధికారి రెండు అఫిడవిట్లూ తీసుకుని చదవడం మొదలుపెట్టాడు. చదువుతూనే ఉన్నాడు. అవతలి లాయరు ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపాడు. తొమ్మిది పేజీలూ తిప్పాక, వెనక వరుసలో చేతులు కట్టుకుని నిలబడ్డ ఓనర్ని పిలిచాడు.

"ఈమె మీకు ఏమవుతుంది?"

అతను "చెల్లె సార్" అన్నాడు.

"ఈ తొమ్మిది రోజులూ వీళ్ళింటికి వెళ్ళారా?"

"...పోయిన సార్."

"చేపల పులుసు తిన్నారా?"

అవతలి లాయరు లేచాడు, అభ్యంతరం అన్నాడు. ఓనరు లాయర్ని చూడలేదు. చెల్లెల్ని చూశాడు. "తిన్న సార్" అన్నాడు.

ఆలస్యం మన్నించబడింది. కేసుకి నెంబరు పడింది, విచారణ జరిగింది, తర్వాత యాదగిరికి రావలసింది వచ్చింది. నన్ను మటుకు ఆ రోజు అధికారి దగ్గరికి పిలిచి, "లాయర్ గారూ, ఈ కాగితం మీ ఫైల్లో ఉంటుంది. ఇంకోసారి కామెర్లతో నా గుమ్మం ఎక్కకండి" అన్నాడు. తల ఊపాను. ఆ పైన ఎక్కడికీ రాయలేదు ఆయన. ఎందుకు రాయలేదో ఇప్పటికీ తెలియదు.

ఆపా ఎప్పుడూ కోర్టు గడప తొక్కలేదు. మెట్లెక్కుతూనే "గెలిచామండీ!" అని అరిచాను. ఆవిడ తల ఎత్తి, "పూర్తిగ చదివిండా?" అంది.

"తొమ్మిది పేజీలూ చదివాడు."

"చాలు" అని, క్యాలెండర్ గడిలో ఆ రోజు ఒక మాట రాసుకుంది. వెళ్ళి చూశాను. చదివిండు.

ఒకసారి ధైర్యం చేసి అడిగాను, "మీకెలా వచ్చింది ఆపా, ఈ విద్య? మీ ఇంట్లో ఎవరికైనా ఇలా గడువు దాటి..." ఆవిడ కీబోర్డు బాదడం ఆపకుండా, "నా సంగతి గడువు దాటి మస్తు రోజులైంది, పో, పని చూస్కో" అంది. మళ్ళీ అడగలేదు. అడగాల్సిన ప్రశ్న అది కాదని తెలిసీ, సరైన ప్రశ్న అడిగే ధైర్యం నాకు రాలేదు.

తర్వాత సీనియర్ గారు ప్రాక్టీసు మానేశారు. నేను పంజాగుట్టలో సొంత ఆఫీసు పెట్టుకున్నాను. ఆపా ఇంట్లోనే ఉంటోందని, ఒంట్లో బాగుండడం లేదని సుగుణ చెబుతుండేది. వెళ్ళాలి, వెళ్ళాలి అనుకునేవాణ్ణి. అనుకోవడానికి గడువేముంది?

యాభై రెండు రోజుల కిందట ఒక పొద్దున ఆవిడే ఫోన్ చేసింది. నేను టిఫిన్ సెంటర్లో నిలబడి ఇడ్లీ తింటున్నాను. గొంతు బాగా నీరసంగా ఉంది. "బేటా, ఎక్కడున్నవ్?" అంది. ఎక్కడున్నావంటే రమ్మంటుందేమో, ఇవాళ కుదరదే అని, నోట్లో ఇడ్లీ ఉండగానే, "కోర్టులో ఉన్నానండీ ఆపా, మళ్ళీ చేస్తాను" అన్నాను. సరిగ్గా అప్పుడే నా వెనక కౌంటర్లో మనిషి గొంతు చించుకుని అరిచాడు: "రెండు ఇడ్లీ, ఒక మసాలా దోశ!"

ఫోనులో నవ్వు, దగ్గుతో కలిసి. "కోర్టుల ఇప్పుడు ఇడ్లీలు సుత ఇస్తున్రా? సరే సరే. తిను." పెట్టేసింది.

మళ్ళీ చెయ్యలేదు నేను. ఏ మొహంతో చెయ్యను? పదకొండో రోజున కబురొచ్చింది.

ఇవాళ వెళ్ళాను. సుగుణ ఫోను తర్వాత రాత్రంతా నిద్ర లేదు, పొద్దున్నే ఆటో ఎక్కాను. సందు చివర చిన్న ఇల్లు. ఆపా చెల్లెలు తలుపు తీసింది. అదే ముక్కు, అదే నల్లదారం కళ్ళజోడు. నేనెవరో చెప్పకముందే, "వకీల్ సాబ్ కదా? రండి" అంది. కుర్చీ వేసింది.

దారిపొడవునా ఒక సంజాయిషీ తయారు చేసుకున్నాను. కూచున్నాక అది నోటికి రాలేదు. వచ్చినదే చెప్పాను. "మొదటి రోజు షర్టు వేసుకుని కిందికి దిగానమ్మా. మీ ఇంటికి రావాలంటే ఆ టిఫిన్ సెంటర్ ముందు నుంచే రావాలి. అక్కడిదాకా వచ్చి వెనక్కి పోయాను. రెండో రోజూ అంతే. మూడో రోజు నుంచి ఆ దారిన నడవడం మానేశాను. పదో రోజు కోర్టులో ఒక కుర్రలాయరు కామెర్ల చీటీ వేస్తుంటే చూసి బయటికొచ్చేశాను. ఆ రోజంతా ఏమీ తినలేదు..." ఆవిడ వింటూ ఉంది. మధ్యలో అడ్డు రాలేదు. "ఎందుకు?" అని మాత్రం అడగలేదు.

చెబుతూ చెబుతూ గోడ మీద క్యాలెండర్ చూశాను. లేచి వెళ్ళాను. గడుల్లో అవే గుండ్రటి అక్షరాలు, కొంచెం వణికిపోయి. దవాఖాన. కిచిడీ. సుగుణ వచ్చింది. వాన. ఆవిడ ఫోన్ చేసిన ఆ ఇడ్లీ రోజు గడి కోసం వేలితో వెతికాను. అబద్ధం అని రాసి ఉంటుందనుకున్నాను. రాసి ఉంటే ఒప్పుకుందామనే వచ్చాను.

ఆ గడిలో రెండు మాటలున్నాయి. బేటా తిన్నడు.

దాని తర్వాత పది గడులు. తర్వాత ఖాళీ.

వెనక నుంచి ఆవిడ చెల్లెలు గ్లాసులో చాయ్ పెడుతూ, "ఆ దినమంత నవ్వుకుంటనే ఉండె మా ఆపా" అంది. తర్వాత తల ఎత్తకుండానే అడిగింది:

"తిని వచ్చిన్రా?"

నోటిదాకా వచ్చింది, అలవాటైన మాట. మింగేశాను.

"లేదమ్మా" అన్నాను. "తినలేదు."

ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి వెలిగించిన చప్పుడు వినిపించింది.